కృష్ణమ్మ పుట్టింటికి దారి

పోయిన నెల ఈ ప్రశ్నలు-జవాబుల పేజీలో, మహారాష్ట్రలో కృష్ణ పుట్టే చోటున్న పాత మహాబలేశ్వర్ గుడి గురించి ఒకరికి నాలుగు ముక్కల్లో జవాబు రాస్తే, దాని మీద బోలెడన్ని ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ కొండకే ఇచ్చేస్తున్నాం.

ప్రశ్న: మాది దివిసీమ. మా నాన్నగారికి 76 ఏళ్ళు, జీవితమంతా కృష్ణా కాలవ నీళ్ళతో వరి పండించిన మనిషి. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు ఆయనకి కొట్టిన పిండి. పుట్టే చోటు మాత్రం ఎప్పుడూ చూడలేదు, ఒక్కసారి తీసుకెళ్ళరా అని రెండేళ్ళుగా అడుగుతున్నారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ మెట్లు ఎక్కలేరు. అమ్మ కూడా వస్తానంటోంది. ఎలా వెళ్ళాలి, ఎన్ని రోజులు పెట్టుకోవాలి?
— ఒక పాఠకుడు, అవనిగడ్డ

జవాబు: తీసుకెళ్ళండి. ఈ సంక్రాంతి తర్వాతో, వచ్చే ఏడాదో అని మళ్ళీ వాయిదా వెయ్యకండి. కృష్ణ చివర ఉన్న మనిషి మొదలు చూడాలని అడగడం కంటే మంచి కోరిక ఏముంటుంది చెప్పండి!

విజయవాడలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సికింద్రాబాద్, సోలాపూర్ మీదుగా పుణె చేరుస్తుంది. పెద్దవాళ్ళిద్దరికీ లోయర్ బెర్తులు దొరికేలా ముందే రిజర్వేషన్ చేయించండి. పుణె నుంచి మహాబలేశ్వర్ 120 కిలోమీటర్లు. స్వార్‌గేట్ బస్టాండ్ నుంచి ఎస్టీ బస్సులు (అక్కడి ప్రభుత్వ బస్సులు) ఉంటాయి కానీ మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్లు ఎక్కి దిగడం, ఆ కుదుపులు ఎందుకు, కారు మాట్లాడుకోండి. దారిలో వాయి అనే ఊరొస్తుంది, అక్కడ తప్పకుండా ఒక గంట ఆగండి. కృష్ణ ఒడ్డున రాతి ఘాట్లు, పెద్ద వినాయకుడి గుడి ఉన్నాయి, మనుషులు పెద్ద హడావిడి లేకుండా తిరుగుతుంటారు. నాన్నగారిని ఘాట్ మీద కాసేపు కూర్చోబెట్టండి. పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా విడిపోయేంత పెద్ద నదిని చూసిన కళ్ళకి, అవతలి ఒడ్డున మనిషి మొహం కనబడేంత సన్నగా ఉన్న కృష్ణ ఎలా ఉంటుందో ఆయనే చెప్పాలి. మరాఠీవాళ్ళు కూడా మనలాగే నదిని మనిషిలా పిలుస్తారు, మనం కృష్ణమ్మ అంటే వాళ్ళు కృష్ణామాయి అంటారు. వాయిలో ఘాట్‌కొకటి చొప్పున ఆమెకి ఉత్సవాలు కూడా చేస్తారు.

వాయి దాటాక పసర్ణీ ఘాట్ మలుపులు మొదలవుతాయి. కారులో కడుపు తిప్పే అలవాటు ఎవరికైనా ఉంటే మాత్ర ముందే వేసుకోవాలి, మలుపులు మొదలయ్యాక వేసుకుంటే పనిచెయ్యదు. పాంచ్‌గణి దాటి ఇంకో ఇరవై కిలోమీటర్లు వెళ్తే మహాబలేశ్వర్. సతారా జిల్లాలో, సహ్యాద్రి మీద, సుమారు 1,350 మీటర్ల ఎత్తు. అయితే మీరు చూడాల్సింది బజారు, హోటళ్ళు ఉన్న ఆ ఊరు కాదు. అది 1820ల చివర్లో బొంబాయి గవర్నర్ జాన్ మాల్కమ్ హయాంలో తెల్లవాళ్ళు ఎండల నుంచి తప్పించుకోవడానికి కట్టుకున్న ఊరు. అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నదే అసలు ఊరు, పాత మహాబలేశ్వర్ అనీ, క్షేత్ర మహాబలేశ్వర్ అనీ అంటారు, గుళ్ళన్నీ అక్కడే. కృష్ణ పుట్టే చోట దేవగిరి యాదవ రాజు సింఘణుడు 1215 ప్రాంతంలో చిన్న గుడీ, నీటి కుండమూ కట్టించాడని చరిత్ర చెబుతోంది. అదే పంచగంగ గుడి, ఇప్పుడు మనం చూసే కట్టడంలో తర్వాతివాళ్ళు కట్టించినవి చాలా ఉన్నాయి.

సాయంత్రానికి పైకి చేరితే ఆ రాత్రి పడుకుని విశ్రాంతి తీసుకోండి, గుడికి మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. గుడి కొండ చివర ఎక్కడో లేదు, కారు దగ్గరిదాకా వెళ్తుంది, తిరుమల మెట్ల లాంటివి ఏమీ లేవు. ఇబ్బందల్లా ఒక్కటే, లోపలి రాతినేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. చెప్పులు బయట వదిలాక చలికి తట్టుకోలేక చాలామంది సాక్సులతో లోపలికి వెళ్ళిపోతారు, అది మాత్రం వద్దు, తడి రాతి మీద సాక్సులంత జారేవి ఇంకోటి ఉండవు. నాన్నగారిని వట్టి కాళ్ళతోనే నడిపించండి, పంచె కాస్త పైకి కట్టుకోమనండి, ఒక చెయ్యి మీరు పట్టుకోండి. రైలు ప్రయాణం కాక కొండ మీద రెండు రాత్రులు చాలు.

ప్రశ్న: రావణాసురుడి ఆత్మలింగం ఉన్న మహాబలేశ్వరుడి గుడి ఇదేనా? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన నడుస్తోంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదమ్మా. మీరు చెప్పేది గోకర్ణం, కర్ణాటకలో సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి స్వామి పేరు కూడా మహాబలేశ్వరుడే కావడంతో చాలామంది పొరబడుతుంటారు. ఇక్కడి కథ వేరు. అతిబలుడు, మహాబలుడు అని ఇద్దరు రాక్షసులు ఈ కొండల్లో ఋషుల్ని పీడిస్తుంటే అతిబలుణ్ణి విష్ణుమూర్తి చంపాడు, మహాబలుడు మాత్రం ఎవరికీ లొంగకపోతే ఆదిమాయ మోహంలో పడేసింది. చివరికి అతను ప్రాణాలిస్తూ, నా పేరుతోనే ఇక్కడ ఉండమని శివుణ్ణి కోరుకున్నాడు. ఓడిపోయినవాడి పేరే దేవుడి పేరైంది. అందుకే మహాబలేశ్వరుడి గుడి పక్కనే అతిబలేశ్వరుడి గుడి కూడా ఉంటుంది, రెండూ చూసి రండి. ఇంకో మాట, ఇది పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి అని కొన్ని టూర్ల కరపత్రాల్లో కనిపిస్తుంది, అదీ నిజం కాదు. ఇక్కడిది స్వయంభూ లింగం. నున్నగా చెక్కింది కాదు, గరుకుగా, రుద్రాక్ష పైభాగంలా ఉంటుంది.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. పంచగంగ గుడిలో ఆవు నోట్లోంచి ఏడాది పొడవునా నీళ్ళు వస్తాయంటారు. అంత ఎత్తు కొండ మీద ఎండాకాలంలో కూడా నీళ్ళెలా వస్తాయి? వెనకాల మోటారు ఏమైనా పెట్టారా? అమ్మని అడిగితే తప్పు, అలా అనకూడదు అంటోంది.
— ఒక విద్యార్థి, నల్గొండ

జవాబు: అడగడంలో తప్పేమీ లేదు నాయనా, అమ్మకి నా మాటగా చెప్పు. మోటారు లేదు. ఆ ఆవు ముఖం మనుషులు చెక్కింది, నీళ్ళు మాత్రం కొండవి.

ఇక్కడి సహ్యాద్రి అంతా నల్లటి బసాల్ట్ రాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా గట్టిపడితే ఏర్పడింది. మహాబలేశ్వర్ కొండ పైభాగంలో ఆ నల్లరాయి లక్షల ఏళ్ళు ఎండకీ వానకీ నాని, కుళ్ళి, ఎర్రటి లాటరైట్‌గా మారింది. దాన్ని దగ్గర్నుంచి చూడు, చిల్లులు చిల్లులుగా ఉంటుంది, చేత్తో తడిమితే ఎండిన తేనెపట్టులా తగులుతుంది. ఈ కొండ మీద ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, అదీ దాదాపు మొత్తం నాలుగు నెలల్లోనే. ఆ నీరు లాటరైట్ పొరలోకి ఇంకిపోతుంది. కింద బంకమన్నూ, దాని కింద గట్టి బసాల్టూ ఉండటంతో ఇంక దిగడానికి దారి లేక పక్కకి నడిచి, ఆ రెండు పొరలూ కలిసే అంచు కొండ వాలులో ఎక్కడ బయటపడితే అక్కడ ఊటగా వస్తుంది. జులైలో పడ్డ వాన ఏప్రిల్‌లో కూడా ధారగా వస్తోందంటే ఆ రాయి అంత నెమ్మదిగా వదులుతోందన్నమాట. ఎండాకాలంలో ధార సన్నబడుతుంది, వానాకాలంలో హోరెత్తిపోతుంది.

అయిదు నదులు అంటే కృష్ణ, వెణ్ణా, కోయనా, సావిత్రి, గాయత్రి. గుడి లోపల గోడ దగ్గర వాటికి వేర్వేరు చోట్లు చూపిస్తారు, నీళ్ళన్నీ ఒక కాలవలో కలిసి గోముఖం నుంచి కుండంలో పడతాయి. భూగోళం ప్రకారం చూస్తే ఈ నదులు ఈ కొండకి వేర్వేరు వైపుల వాలుల్లో మొదలవుతాయి, గుడి వాటన్నిటినీ ఒకచోటికి తెచ్చి మన కళ్ళముందు పెట్టింది. ఇందులో నాకు అబద్ధమేమీ కనిపించదు. వీటిలో సావిత్రి పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తుంది. వెణ్ణా సతారా దగ్గర సంగం మాహులీలో, కోయనా కరాడ్‌లో కృష్ణలో కలుస్తాయి. వెణ్ణానే వేణి అనీ, కృష్ణా వేణీ కలిసి కృష్ణవేణి అయిందనీ పెద్దలు చెబుతారు.

నీలాంటి కుర్రాడికి నచ్చే లెక్క ఒకటి చెబుతాను. కృష్ణ పుట్టే చోటికి అరేబియా సముద్రం 64 కిలోమీటర్ల దూరం, అంతే. అటు వాలితే రెండు రోజుల్లో సముద్రంలో ఉండేది. అది తూర్పు వాలులో పుట్టింది కాబట్టి వీపు తిప్పి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాటుకుంటూ సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి వస్తోంది. నాగార్జునసాగర్ నీళ్ళు మీ జిల్లాకి వస్తున్నాయంటే ఆ కొండ అంచు అటు కాకుండా ఇటు వాలడం వల్లే. పాత మహాబలేశ్వర్ దాటి ఇంకాస్త ముందుకెళ్తే ఆర్థర్ సీట్ అనే చోట పడమటి వైపు సావిత్రి లోయ కనిపిస్తుంది, నేల ఒక్కసారిగా కొంకణంలోకి తెగిపడినట్టుంటుంది. నువ్వు తప్పకుండా చూడాల్సిన చోటు అది.

ప్రశ్న: పోయిన నెల మీరు అంత గొప్పగా రాశారని వెళ్ళాం. నిజం చెప్పాలంటే నిరాశగా ఉంది. బండ్ల రద్దీ, గుడి బయట దుకాణాలు, గోముఖం దగ్గర తోపులాట, వెనకనుంచి ‘జల్దీ జల్దీ’. ప్రశాంతంగా ఉండే కొండ ఊరు అన్నారు, ఆ ప్రశాంతత ఎక్కడుందండీ?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ బాధ నాకు బాగా అర్థమైంది, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాకూ ఇలాగే జరిగింది. ఒక టూర్ ప్యాకేజీలో వెళ్ళాను. పదకొండు గంటలకి గుడి ముందు దింపి, పాతిక నిమిషాల్లో బండి దగ్గరికి రమ్మన్నారు, ఎందుకంటే ఆ రోజు ఇంకా ఏడు ‘పాయింట్లు’ చూపించాలట. వరుసలో నిలబడేసరికే ఇరవై నిమిషాలు అయిపోయాయి. గోముఖం దగ్గర దోసిలి పట్టేలోపే ముందుకి నెట్టేశారు, చేతిలో నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. తిరుగు ప్రయాణంలో ఏం చూశావని నన్నెవరైనా అడిగి ఉంటే చెప్పడానికి ఒక్క సంగతి లేదు. అందుకే రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఆ ఒక్క గుడి కోసమే.

మీరు వెళ్ళింది శనివారమో ఆదివారమో, అదీ పన్నెండు గంటలప్పుడో అయ్యుంటుందని నా అనుమానం. పుణె, ముంబై వాళ్ళంతా వారాంతానికి ఎక్కేది ఈ కొండే. మంగళవారమో బుధవారమో, పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడుండేలా వెళ్ళి చూడండి. దుకాణాల మీద పట్టాలు ఇంకా కప్పే ఉంటాయి, మంచు కళ్ళముందు నుంచి నెమ్మదిగా జరుగుతుంటే గుడి రాళ్ళు ఒక్కొక్కటే బయటికొస్తాయి.

ఇంకో సంగతి. మీ ఉత్తరంలో కృష్ణాబాయి గుడి ఊసే లేదు, అంటే అది చూడకుండా వచ్చేసి ఉంటారు. చాలామంది చూడరు, టూర్ల వాళ్ళు దాని పేరు కూడా ఎత్తరు. పంచగంగ గుడికి దగ్గర్లోనే, కాస్త నడిచి వెళ్తే, లోయ వైపు చూస్తూ ఒక చిన్న నల్లరాతి గుడి ఉంటుంది. స్తంభాల మీదా కప్పు మీదా చెక్కడాలున్నాయి, వాటి మీద నాచు పట్టింది. లోపల లింగం, కృష్ణమ్మ విగ్రహం, ముందు రాతి గోముఖం, దాని కింద కుండం. నేను వెళ్ళిన పొద్దున అక్కడ ఒక్క పెద్దావిడ తప్ప ఎవరూ లేరు. తొమ్మిది గజాల చీర కాసెపోసి కట్టుకుని, ఇత్తడి చెంబు ధార కింద పెట్టి నిండేదాకా అలా వంగి నిలబడి ఉంది. అది ఫిబ్రవరి నెల, ధార నా చిటికెన వేలంత కూడా లేదు. చెంబు నిండుతున్నకొద్దీ ఆ చప్పుడు మారడం, మొదట టంగుమంటూ, తర్వాత లావుగా, చివర్లో అసలు చప్పుడే లేకుండా, అంతా వినిపించింది. ఆమె లేచి నా వైపు చూసి ‘కృష్ణామాయి’ అని ఒక్క మాట అని, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను చెయ్యి పెట్టాను. ఎముక దాకా చల్లదనం. సాగర్‌లో 26 గేట్లూ ఎత్తినప్పుడు ఆ తుంపర మొహానికి కొట్టించుకున్నవాణ్ణి, ఆ హోరు ఇంకా చెవుల్లో ఉంది, ఆ నీళ్ళు ఈ నీళ్ళేనా అనుకుంటే కాసేపు అక్కణ్ణుంచి కదలలేకపోయాను.

కాబట్టి ఇంకోసారి వెళ్ళండి. పాయింట్లన్నీ వదిలేసినా ఫరవాలేదు, ఒక పొద్దున పూర్తిగా పంచగంగ, కృష్ణాబాయి, మహాబలేశ్వరుడు, ఈ మూడు గుళ్ళకీ ఇవ్వండి. మహాబలేశ్వరుడి గుడిలో కూడా తీరిగ్గా నిలబడండి, 1665లో సూర్యగ్రహణం రోజున శివాజీ మహారాజు తల్లి జిజియాబాయిని బంగారంతో తులాభారం తూచింది ఈ క్షేత్రంలోనే. గర్భగుడిలో స్వామికి రాత్రి పడక వేసి తలుపులు మూస్తే తెల్లారేసరికి ఆ దుప్పటి నలిగి ఉంటుందని అక్కడివాళ్ళు నమ్మకంగా చెబుతారు. వాళ్ళ చేత చెప్పించుకుని వినండి, రాసింది చదివితే ఆ రుచి రాదు. ఫోన్ మాత్రం జేబులో పెట్టేసుకోండి, లోపల ఫోటోలు తీయొద్దు.

ప్రశ్న: వానాకాలంలో వెళ్తే చాలా బావుంటుందని స్నేహితులు అంటున్నారు. ఆగస్టులో చిన్నపిల్లలతో వెళ్ళొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పిల్లలతో జులై, ఆగస్టుల్లో వద్దు. బావుంటుందన్నమాట నిజమే, కానీ అక్కడి వాన మనం చూసే వాన కాదు, 2021 జులైలో ఒక్క రోజులోనే 590 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. పొగమంచులో ముందున్న బండి కనిపించదు, ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగి పడతాయి. పైగా శ్రావణ సోమవారాల్లో గుడి కిటకిటలాడుతుంది. అక్టోబరు రెండో వారం తర్వాత చూసుకోండి. అప్పుడు వానలు తగ్గి ఉంటాయి, ధారలు ఇంకా లావుగానే ఉంటాయి, కొండంతా పచ్చగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అయితే స్వెటర్లు, మంకీ క్యాపులు తప్పనిసరి, వెణ్ణా చెరువు దగ్గర కొన్ని తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. పిల్లలకి స్ట్రాబెర్రీ తోటలు చూపించాలంటే అదే సరైన కాలం. కోతులు ఎక్కువ, పిల్లల చేతిలో తినే వస్తువు పెట్టి గుడి దగ్గర నడిపించకండి.

ప్రశ్న: కృష్ణా పుష్కరాలు అక్కడ కూడా చేస్తారా? 2028లో అక్కడే స్నానం చేయాలని ఉంది. ఈలోగా ఆ నీళ్ళు కొంచెం తెచ్చి ఇంట్లో పూజలో పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చేస్తారు, పేరు వేరు. బృహస్పతి కన్యారాశిలోకి వచ్చినప్పుడు మనం కృష్ణా పుష్కరాలు అంటాం, వాళ్ళు కన్యాగత్ అంటారు. మన దగ్గర ఆ ముఖ్యమైన పన్నెండు రోజులే, 2016లో ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి కదా, వాళ్ళు మాత్రం కన్యాగత్‌ని ఏడాదంతా పర్వంగానే చూస్తారు. ఆ కాలంలో గంగ వచ్చి కృష్ణలో ఉంటుందని నమ్మకం. పంచగంగ గుడిలోనే అయిదు నదులు కాక భాగీరథి, సరస్వతి అని ఇంకో రెండు చోట్లు చూపిస్తారు, భాగీరథి పన్నెండేళ్ళకోసారి, సరస్వతి అరవై ఏళ్ళకోసారి వస్తాయని చెబుతారు. ఏడాదంతా పర్వమే కాబట్టి మొదటి రోజుల్లో జనంలో పడకండి, ఆ వానలు కూడా తగ్గనిచ్చి కార్తీకంలో వెళ్ళండి. స్నానానికి గుడిలో కుండం కంటే వాయి ఘాట్లు అనువుగా ఉంటాయి, ఒడ్డున కూర్చుని బట్టలు మార్చుకోవడానికి చోటుంటుంది. పైన గుడిలో తల మీద చల్లుకుంటే చాలు.

నీళ్ళు నిరభ్యంతరంగా తెచ్చుకోండి. కుండంలో చెంబు ముంచకుండా గోముఖం దగ్గర ధార కింద పట్టుకోండి, అది మర్యాద, శుభ్రం కూడా. మరమూత ఉన్న రాగి సీసా అయితే మంచిది, మూత కింద చిన్న గుడ్డముక్క వేసి బిగించండి. రైల్లో బట్టల సంచిలో పడుకోబెట్టకుండా సీటు కింద మూలకి నిలబెట్టి తెచ్చుకోండి.